పది పాసైన కుర్రాడు సీఎన్‌సీ, రోబోటిక్స్ వైపు వెళ్ళాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తమ్ముడు ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. మెషీన్లంటే ప్రాణం, రోబోల వీడియోలు తెగ చూస్తాడు. పాలిసెట్ ర్యాంకుకి ఇంటికి బాగా దూరంగా ఒక ప్రైవేటు కాలేజీలో మెకానికల్ డిప్లొమా సీటు వచ్చేలా ఉంది. ఈలోగా హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల్లో సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహం కోసే మెషీన్ల పని), రోబోటిక్స్, త్రీడీ ప్రింటింగ్ మూడూ నేర్పి ఉద్యోగం గ్యారంటీగా ఇప్పిస్తామని 85 వేలు అడుగుతున్నారు. మీ నాన్నగారు మిర్యాలగూడ దగ్గర వ్యవసాయం చేస్తారు, అప్పు తెచ్చైనా కడదామంటున్నారు. కట్టాలా, లేక ఐటీఐలో చేర్పించాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ 85 వేలు ఇప్పుడు కట్టకండి. ప్రభుత్వ ఐటీఐలో మెషినిస్ట్, టర్నర్, టూల్ అండ్ డై మేకర్, ఈ మూడింటిలో ఏది దొరికినా చేర్పించండి. రెండేళ్ళ కోర్సు. ఆ తర్వాత మంచి మెషీన్ షాపులో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్. సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, క్యామ్ సాఫ్ట్‌వేర్ (టూల్ ఎలా కదలాలో కంప్యూటర్ మీద తయారుచేసేది) లాంటి షార్ట్ కోర్సులు అవన్నీ అయ్యాక, అవసరమైతే, ఏది అవసరమో అది మాత్రమే. దీనికంటే మంచిది ఒకటుంది, బాలానగర్ సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) నాలుగేళ్ళ డిప్లొమా. దానికి ఎంట్రన్స్ రాయాలి, సీట్లు తక్కువ. దాని గురించి కింద రాస్తాను.

నేను బాలానగర్ టూల్ రూమ్‌లో హెల్పర్‌గా చేరి, ఆపరేటర్, సెట్టర్ (టూల్స్ బిగించి మెషీన్‌ని పనికి సిద్ధం చేసేవాడు), ప్రోగ్రామర్ అయ్యి, ఇప్పుడు జీడిమెట్లలో ఒక మెషీన్ షాపు చూసుకుంటున్నాను. కొత్తవాళ్ళను ఎంచుకోవడం, మొదటి ఏడాది వాళ్ళ పక్కన నిలబడి పని నేర్పించడం నా బాధ్యతే. కాబట్టి కింద రాసేదంతా ఉద్యోగం ఇచ్చేవాడి వైపు నుంచి రాస్తున్నాను.

ముందు ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి. యూట్యూబ్‌లో చూస్తే సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామ్ రాయడం అనిపిస్తుంది. మధ్యస్థ షాపుల్లో చాలా మెషీన్లకు కలిపి ప్రోగ్రామర్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్ళంతా ఆపరేటర్లు, సెట్టర్లు, ఇన్‌స్పెక్టర్లు. కొత్తగా చేరిన కుర్రాడు పొద్దున రాగానే చేసేది డ్రాయింగ్ చూసి జాబ్‌ని, అంటే కోయాల్సిన ముక్కని, వైస్‌లోనో ఫిక్స్చర్‌లోనో (కదలకుండా పట్టుకునే సాధనాలు) బిగించడం, డయల్ (ముల్లుతో తేడా చూపే కొలత పరికరం) పెట్టి సూటిగా ఉందో లేదో చూడటం, టూల్ ఆఫ్‌సెట్లు (ఒక్కో టూల్ కొలత మెషీన్‌కి చెప్పే అంకెలు) తీసుకోవడం, మొదటి పీస్ నెమ్మదిగా కోసి కొలవడం. ఆ కొలత సరిగ్గా ఉంటేనే మిగతా వంద పీసులు నడుస్తాయి. ఈ రంగంలో మొదటి విద్య కొలవడం. ప్రోగ్రామింగ్ రెండోదో మూడోదో అవుతుంది.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళకి నేను పెట్టే పరీక్ష ఒకటే. గ్రైండింగ్ చేసిన ఒక స్టీల్ పిన్, 0–25 మి.మీ. మైక్రోమీటర్ (స్క్రూ తిప్పి సన్నటి కొలతలు తీసే పరికరం) చేతిలో పెట్టి "ఎంతుందో చెప్పు నాన్నా" అంటాను. ఏం చెప్తాడన్నది తర్వాతి సంగతి, ముందు చేతులు చూస్తాను. పిన్ తుడిచాడా? మైక్రోమీటర్ రెండు మొహాలూ తుడిచాడా? ముందు ఖాళీగా మూసి సున్నా దగ్గర కలుస్తోందో లేదో చూసుకున్నాడా? చివర్లో రాట్చెట్ (ఒత్తిడి ఎక్కువ కాకుండా జారే చిన్న పిడి) తిప్పాడా, లేక బోల్టు బిగించినట్టు థింబుల్‌నే (పెద్ద పిడి) బిగించేశాడా? ఒకే చోట కొలిచి ఊరుకున్నాడా, రెండు మూడు చోట్ల, పిన్ తిప్పి కూడా కొలిచాడా? ఇది నిమిషం పని. నాలుగు సర్టిఫికెట్లు తెచ్చినవాడు బిగించేసి నంబర్ చెప్తాడు. పల్లెటూరి ఐటీఐలో ఆకురాయి పట్టి ఫిట్టింగ్ జాబులు చేసిన కుర్రాడు జేబు గుడ్డ తీసి ముందు తుడుస్తాడు. ఆ రెండోవాడికే ఉద్యోగం ఇస్తాను. ప్రోగ్రామింగ్ నేను నేర్పించుకోగలను. చేతికి ఆ జాగ్రత్త రావడానికి మాత్రం రోజూ అదే పని చేస్తూ నెలలు గడవాలి.

ఆ జాగ్రత్త ఎందుకో అంకెల్లో చూడండి. డ్రాయింగ్ మీద "25 హెచ్6" షాఫ్ట్ అని ఉంటే అది 25.000 మి.మీ.కి మించకూడదు, 24.987కి తగ్గకూడదు. అంటే మొత్తం చోటు 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మెషీన్ మీంచి అప్పుడే తీసిన అల్యూమినియం జాబ్ వేడిగా ఉంటుంది. 100 మి.మీ. కొలత దగ్గర పది డిగ్రీల వేడి తేడాకే అది దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది. కొలతలకు ప్రపంచమంతా 20 డిగ్రీలనే ప్రామాణికంగా పెట్టుకున్నది ఇందుకే. మన షెడ్డులో మే నెల మధ్యాహ్నం కొలిచి "సైజు వచ్చేసింది" అని పంపిస్తే, ఏసీ ఇన్‌స్పెక్షన్ గదిలోకి వెళ్ళాక అదే జాబ్ చిన్నదైపోతుంది. ఈ విషయం క్లాసులో ఒకసారి విన్నవాడు మర్చిపోతాడు. ఒక్కసారి చేతుల మీదుగా రిజెక్షన్ చూసినవాడు జన్మలో మర్చిపోడు.

ఇంకొకటి చెప్తాను. టర్నింగ్ మెషీన్ మీద షాఫ్ట్ 25.03 వచ్చింది అనుకోండి. 0.03 తగ్గించాలి. కంట్రోల్ స్క్రీన్ మీద వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలకి తగ్గట్టు సరిచేసే అంకె) మైనస్ 0.03 కొట్టాలి. కొత్త కుర్రాడు కంగారులో మైనస్ 0.3 కొడతాడు. తర్వాతి పీస్ 24.73కి దిగిపోతుంది, అది ఇక తుక్కే. చుక్క విషయం ఇంకా ప్రమాదం. ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న చాలా మెషీన్లలో, సెట్టింగ్ మార్చకపోతే, అంకె తర్వాత చుక్క పెట్టి 50 అంటే 50 మి.మీ., చుక్క మర్చిపోతే అదే 50 మైక్రాన్లు. టూల్ ఎక్కడో ఆగుతుంది, లేదా వెళ్ళకూడని చోటికి వెళ్తుంది. స్పిండిల్ (మెషీన్‌లో తిరిగే ప్రధాన భాగం) ఫిక్స్చర్‌కి కొట్టుకుంటే రిపేరు ఖర్చు కుర్రాడి ఏడాది జీతం దాటిపోవచ్చు. అందుకే ఏ యజమానీ కొత్తవాడికి రాగానే మెషీన్ అప్పగించడు. ఆరు నెలల కోర్సులో సిమ్యులేటర్ మీద మాత్రమే నేర్చుకున్నవాడికి ఈ భయం ఉండదు. మాకు ఆ భయం లేనివాడితోనే టెన్షన్.

ఇక ట్రేడుల సంగతి.

మెషినిస్ట్, టర్నర్: రెండూ రెండేళ్ళవి. టర్నర్ లేత్ వైపు, మెషినిస్ట్ మిల్లింగ్, గ్రైండింగ్ వైపు. రెండింట్లోనూ సీఎన్‌సీ సిలబస్‌లోనే ఉంది. ముందు మామూలు లేత్ మీద చేత్తో ఫీడ్ ఇచ్చి కోసినవాడికి టూల్ ఎప్పుడు ఏడుస్తోందో చెవికి తెలుస్తుంది. చిప్ (కోసినప్పుడు రాలే లోహపు పొట్టు) రంగు చూసి వేడెక్కుతోందని చెప్పగలడు. సీఎన్‌సీ మెషీన్ తలుపు మూసి ఉంటుంది, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) చిమ్ముతూ ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో సరిగ్గా కనబడదు. అప్పుడు ఆదుకునేది ఆ చెవే.

టూల్ అండ్ డై మేకర్: నన్ను అడిగితే అన్నిటికంటే గట్టి పునాది ఇదే. బకెట్‌కి అచ్చు, కారు డోర్‌కి డై, స్విచ్ బోర్డుకి మౌల్డ్, ఇవన్నీ చేసేది వీళ్ళు. ఒక మిల్లీమీటర్ రేకు కోసే పంచ్‌కీ డైకీ మధ్య ఒక్కో పక్క వదలాల్సిన సందు సుమారు 50 మైక్రాన్లు. ఎక్కువైతే అంచు మీద బర్ర్ (గరుకు లోహపు అంచు) వస్తుంది, తక్కువైతే పంచ్ త్వరగా అరిగిపోతుంది. ఆ సందు చుట్టూ సమంగా వచ్చేలా కూర్చడం అసలైన పనితనం. నిదానంగా నేర్చుకునే విద్య, కానీ చేయి తిరిగినవాడిని ఏ షాపూ వదులుకోదు.

ఫిట్టర్: సీట్లు ఎక్కువ, అందుకని జనం దీన్ని తేలిగ్గా చూస్తారు. అలా చూడొద్దు. ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ప్లాంటులో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అలాంటి ఏరోస్పేస్ అసెంబ్లీ పనిలో డ్రిల్లింగ్, రీమింగ్, రివెటింగ్ చేయడానికి కావలసింది చేతి నిలకడ, డ్రాయింగ్ చదవడం, చేసిన ప్రతి పనికీ కాగితం నింపే ఓపిక. అవి ఫిట్టర్‌కి సహజంగా వస్తాయి. పై మూడూ దొరక్కపోతే ఫిట్టర్‌లో నిశ్చింతగా చేర్పించండి.

తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. వాటిలో అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్, ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ప్రాసెస్ ఆటోమేషన్ లాంటి కొత్త కోర్సులు పెట్టారు. మీ జిల్లాలో ఏ ఐటీఐలో ఆ సెంటర్ నడుస్తోందో స్వయంగా వెళ్ళి చూడండి. బిల్డింగ్ చూసి రాకండి. మెషీన్లు ఆన్‌లో ఉన్నాయా, నేర్పే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడా, ఈ రెండూ చూడండి. కొత్త మెషీన్ ఉండి మాస్టారు లేని చోటికంటే పాత లేత్ ఉండి గట్టి మాస్టారు ఉన్న చోటు ఎంతో మేలు.

సీఐటీడీ గురించి. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయంతో బాలానగర్‌లో పెట్టారు. ఇప్పుడు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ కింద నడుస్తోంది. పది తర్వాత టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్ళు. అక్కడి బలం ఏమిటంటే అది బడి ఒక్కటే కాదు, పరిశ్రమలకు నిజంగా టూల్స్ చేసిచ్చే టూల్ రూమ్ కూడా. పిల్లలు చదువుకునే ఆవరణలోనే అసలు ఆర్డర్ల పని నడుస్తుంటుంది. మా షాపులో ఇద్దరు సెట్టర్లు అక్కడివాళ్ళే. వాళ్ళకి డ్రాయింగ్ ఇచ్చి నేను పక్కకి వెళ్ళిపోగలను. ఎంట్రన్స్ ప్రతి ఏడాదీ వేసవిలో ఉంటుంది. ఈసారి గడువు దాటిపోయి ఉంటే దానికోసం ఏడాది ఖాళీగా కూర్చోపెట్టకండి, ఐటీఐలో చేర్పించేయండి. బెంగళూరు ఎన్‌టీటీఎఫ్ కూడా ఇదే కోవకి చెందినది, మంచి పేరున్న చోటు. కానీ ఫీజూ హాస్టలూ కలిపి లెక్క చూసుకోవాలి.

పాలిటెక్నిక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డిప్లొమా తక్కువదని నేను అనడం లేదు. డిప్లొమా చేసినవాడు సూపర్‌వైజర్, క్వాలిటీ, ప్లానింగ్ వైపు తొందరగా వెళ్తాడు, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో, ఇంటికి దగ్గర్లో సీటు వచ్చి ఉంటే నా సమాధానం వేరేగా ఉండేదేమో. మీకు వస్తున్నది దూరాన ఉన్న ప్రైవేటు కాలేజీ. అక్కడ వర్క్‌షాప్ వారానికి ఎన్ని గంటలో, అందులో మెషీన్ తిరిగేది ఎంతసేపో ముందు కనుక్కోండి. మూడేళ్ళలో లేత్ మీద ఒక థ్రెడ్ కూడా సొంతంగా కోయని డిప్లొమా పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. తెలివైనవాళ్ళే, వాళ్ళ తప్పేం లేదు, చేతికి పని ఇవ్వలేదు అంతే. మీ తమ్ముడికి మెషీన్ దగ్గర ఉండటమే ఇష్టమైతే ఐటీఐ సరైన దారి. ఐటీఐతో చదువు ఆగిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. ఐటీఐ అయ్యాక బ్రిడ్జ్ కోర్సు చేసి ఎల్‌పీసెట్ ద్వారా డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కడినుంచి ఈసెట్. నాలుగైదేళ్ళు పనిచేశాక అలా పైకి వెళ్ళినవాళ్ళు మా ఏరియాలోనే ఉన్నారు.

అప్రెంటిస్‌షిప్‌ని చాలామంది "తక్కువ డబ్బుకి పని చేయించుకుంటారు" అని వదిలేస్తారు. దయచేసి వదలొద్దు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ఇది రాతపూర్వక ఒప్పందంతో నడిచే శిక్షణ. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో కొంత కేంద్రమే భరిస్తుంది. ఏడాది చివర్లో పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. హైదరాబాద్ వాళ్ళకి ఇందులో ఉన్న అదృష్టం ఇంకే ఊరికీ లేదని నా అభిప్రాయం. ఈసీఐఎల్, బీడీఎల్, హెచ్ఏఎల్, మిధాని, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఈ ప్రభుత్వ రంగ సంస్థలన్నీ చుట్టూనే ఉన్నాయి, ఐటీఐ వాళ్ళను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. అక్కడ పర్మనెంట్ ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకోకండి, అది వేరే నోటిఫికేషన్. కానీ పద్ధతి నేర్చుకుంటాడు. డ్రాయింగ్ రివిజన్ నంబర్ చూడకుండా జాబ్ ముట్టుకోకూడదన్న అలవాటు అక్కడ అబ్బుతుంది.

చిన్న షాపులో అప్రెంటిస్‌గా చేరితే ఒక జాగ్రత్త. కొన్ని చోట్ల ఏడాదంతా ఒకే మెషీన్ దగ్గర జాబ్ పెట్టడం, తీయడం మాత్రమే చేయిస్తారు. చేరే రోజే అడగండి, "ఎన్నాళ్ళకి సెక్షన్ మారుస్తారు, ఇన్‌స్పెక్షన్‌లో పెడతారా, సెట్టింగ్ నేర్పిస్తారా" అని. సమాధానం చెప్పడానికి ఇబ్బంది పడితే ఇంకో షాపు చూసుకోవడం మంచిది.

ఐటీఐల్లోనే డ్యూయల్ సిస్టమ్ అని ఒకటుంది. కోర్సు మధ్యలోనే కొన్ని నెలలు పరిశ్రమలో ట్రైనింగ్ ఇస్తారు. మీరు చూసే ఐటీఐలో ఆ ఏర్పాటు ఉందేమో తప్పకుండా కనుక్కోండి. ఈ ఆలోచన జర్మనీ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అక్కడ మెషినిస్ట్ శిక్షణ మూడున్నరేళ్ళు, కొంతకాలం బడిలో, ఎక్కువకాలం కంపెనీలో. ప్రపంచానికి మెషీన్లు అమ్మే దేశమే తన పిల్లలకి మూడున్నరేళ్ళు పెడుతుంటే, ఆరు నెలల్లో మూడు విద్యలు నేర్పుతామన్న మాటని ఎలా నమ్మాలో మీరే ఆలోచించండి.

ఇక మీ తమ్ముడికి ఇష్టమైన రోబోలు. కుర్రాళ్ళు రోబోటిక్స్ అంటే రోబో తయారు చేయడం అనుకుంటారు. ఫ్యాక్టరీలో ఉండే పని వేరు. పెనుకొండ కియా ప్లాంటు లాంటి కార్ల ఫ్యాక్టరీలో బాడీ షాపులో వెల్డింగ్ చేసేది రోబోలే. ఆ రోబోల చుట్టూ మనిషి చేసే పని ఏమిటంటే టీచ్ పెండెంట్ (రోబోకి కదలికలు నేర్పే చేతి రిమోట్) పట్టుకుని పాయింట్లు సరిచేయడం, సెన్సర్ ఎందుకు సిగ్నల్ ఇవ్వడం లేదో వెతకడం, గ్రిప్పర్ గాలి లీకవుతుంటే పట్టుకోవడం, లైన్ ఆగితే నిమిషాల్లో తిరిగి నడిపించడం. దీనికి కావలసింది ఎలక్ట్రికల్, న్యూమాటిక్స్ (గాలి ఒత్తిడితో నడిచే వ్యవస్థలు), పీఎల్‌సీ (లైన్‌ని నడిపించే పారిశ్రామిక కంప్యూటర్). అంటే రోబోల వైపే వెళ్ళాలన్న పట్టుదల ఉంటే మెకాట్రానిక్స్ (మెకానికల్, ఎలక్ట్రానిక్స్ కలిసిన ట్రేడ్), ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడులు చూడండి. రోబో వెల్డింగ్ అయితే ముందు చేత్తో వెల్డింగ్ వచ్చి ఉండాలి. టార్చ్ ఏ కోణంలో పట్టాలి, వైరు ఎంత బయటికి ఉండాలి, బీడ్ ఎందుకు పొంగింది, ఇవి రోబోకి తెలియవు. ఎవరో చెప్పాలి కదా.

త్రీడీ ప్రింటింగ్ కూడా అంతే. మన హైదరాబాద్ రాకెట్ కంపెనీ స్కైరూట్ వాళ్ళు 2021లో త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్‌ని పరీక్షించారు, గర్వంగా ఉంటుంది. కానీ లోహంతో ప్రింట్ చేసిన భాగం ప్రింటర్ నుంచి తీసి నేరుగా బిగించేది కాదు. సపోర్టులు కోయాలి, హీట్ ట్రీట్‌మెంట్ చేయాలి, కచ్చితమైన రంధ్రాలు, థ్రెడ్లు, అతుక్కునే మొహాలు మళ్ళీ మెషీన్ మీదే కోయాలి. మామూలు ఆకారం కాదు కాబట్టి దాన్ని పట్టుకోవడమే పెద్ద పని. అది చేసేవాడు మళ్ళీ మంచి మెషినిస్టే.

మీకు చెప్పిన ఇన్‌స్టిట్యూట్ మంచిదో కాదో నాకు తెలియదు, పేరు కూడా అడగను. ఇలాంటివి ఏవైనా సరే, డబ్బు కట్టే ముందు ఒకసారి నేరుగా వెళ్ళి ఇవి చూడండి. సీఎన్‌సీ మెషీన్ పక్కన చిప్ ట్రే తెరిచి చూడండి. కొత్త చిప్స్ ఉన్నాయా, లేక దుమ్ము పట్టి ఉందా? కూలెంట్ ట్యాంకులో కూలెంట్ ఉందా? పని జరిగే చోట నేల మీద నూనె మరక, గాలిలో కూలెంట్ వాసన ఉండి తీరతాయి. మెషీన్ షోరూమ్‌లో లాగా తళతళలాడుతుంటే పిల్లలు దాన్ని ముట్టుకోవడం లేదన్నమాట. ఒక మెషీన్‌కి ఎంతమంది పిల్లలో అడగండి. ఒక్కో విద్యార్థి కోర్సు మొత్తంలో ఎంత మెటీరియల్ కోస్తాడో అడగండి. పాత బ్యాచ్ వాళ్ళ నంబర్లు మీరే నలుగురివి తీసుకుని మాట్లాడండి. వాళ్ళు చూపించే ఫోటోల గోడని లెక్కలోకి తీసుకోకండి. "ప్లేస్‌మెంట్" అంటే కంపెనీ పేరోల్ మీదా, కాంట్రాక్టర్ కిందా అన్నది కాగితం మీద రాసివ్వమనండి.

ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ అయ్యాక మాత్రం షార్ట్ కోర్సులు నిజంగా ఉపయోగపడతాయి. మా దగ్గర ఒక ఆపరేటర్ ఉన్నాడు, టర్నర్ ఐటీఐ, సూర్యాపేట వైపు కుర్రాడు. కొన్నాళ్ళు వీఎంసీ (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్) నడిపాక క్యామ్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తానన్నాడు. అప్పటికి అతనికి ఏ కట్టర్ ఎంత లోతు కోస్తుందో, సన్నటి గోడ ఎక్కడ వణుకుతుందో చేతికి తెలుసు. సాఫ్ట్‌వేర్ ఆ తెలివిని వేగంగా వాడుకోవడానికి పనికొచ్చింది. అదే కోర్సు అతనితో పాటు చేసిన ఇంకొకతనికి మెషీన్ అనుభవం లేదు. స్క్రీన్ మీద టూల్ పాత్ అందంగా వస్తుంది, మెషీన్ మీద కట్టర్ విరుగుతుంది. ఇద్దరికీ ఒకే సర్టిఫికెట్.

లెక్కల గురించి కూడా ఒక మాట. పదో తరగతి త్రికోణమితి ఈ పనిలో రోజూ వాడతాం, కోణాలకీ టేపర్లకీ. స్పీడ్ లెక్క కూడా నోటికి రావాలి. మైల్డ్ స్టీల్‌ని కార్బైడ్ కట్టర్‌తో నిమిషానికి 100 మీటర్ల వేగంతో కోయాలనుకుంటే, 20 మి.మీ. కట్టర్ దాదాపు 1,600 ఆర్‌పీఎం తిరగాలి, 10 మి.మీ. కట్టరైతే దానికి రెట్టింపు. కట్టర్ సగమైతే స్పీడ్ ఎందుకు రెట్టింపైందో మీ తమ్ముడు వివరించగలిగితే అతనికి ఈ రంగం పట్టుబడుతుందని నా నమ్మకం.

కష్టాలు దాచను. షిఫ్ట్ అంతా నిలబడాలి. నైట్ షిఫ్ట్ ఉంటుంది. కూలెంట్ కొందరి చర్మానికి పడదు. వేళ్ళకి చిప్స్ గుచ్చుకుంటాయి. తిరిగే స్పిండిల్ దగ్గర గ్లౌజులు, వదులు చొక్కా, మెడలో తాయెత్తు, చేతికి కంకణం, ఇవేవీ ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. మొదట్లో జీతం చిన్నది. పక్కింటి కుర్రాడు బైక్ మీద డెలివరీ చేసి మీ తమ్ముడికంటే ఎక్కువ తెస్తున్నాడని ఇంట్లో మాటలు వస్తాయి. ఆ రెండు మూడేళ్ళు ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టాలి. సెట్టర్ అయ్యాక లెక్క మారుతుంది, ఎందుకంటే సెట్టర్ దొరక్క మెషీన్లు ఆగిపోయిన షాపులు మా చుట్టూ ఎప్పుడూ ఉంటాయి. ఇంటి పెద్దగా నాన్నగారికి ఈ ముక్క మీరే నెమ్మదిగా చెప్పండి.

మీ ఇంట్లో చెల్లెలో మరదలో ఉండి ఆసక్తి చూపిస్తే ఆమెనీ ఆపకండి. మా ఇన్‌స్పెక్షన్ గదిలో సీఎంఎం మెషీన్ (జాబ్ కొలతలు తీసే కంప్యూటర్ మెషీన్) చూసుకునేది ఐటీఐ చేసిన అమ్మాయే. ఆమె సంతకం లేకుండా జాబ్ గేటు దాటదు.

ఇప్పుడు చేయాల్సింది. ఐటీఐ అడ్మిషన్ పది మార్కుల మెరిట్ మీద ఆన్‌లైన్‌లో జరుగుతుంది, విడతలు విడతలుగా ఉంటుంది కాబట్టి మొదటి విడతలో రాకపోతే నిరాశపడొద్దు. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఊరు దగ్గరని కాకుండా ట్రేడ్ చూసి పెట్టండి. టూల్ అండ్ డై ముందు, మెషినిస్ట్, టర్నర్ ఆ తర్వాత, చివర్లో ఫిట్టర్. రోబోల మీదే మనసు ఉంటే మెకాట్రానిక్స్ అన్నిటికంటే పైన పెట్టండి. కానీ పెట్టే ముందు మీ తమ్ముణ్ణి ఒక రోజు ఏదైనా చిన్న లేత్ షాపుకి తీసుకెళ్ళి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోపెట్టండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పనులు చేసే లేత్ షాపులు ఉంటాయి, అడిగితే కాదనరు. ఆ చప్పుడులో, ఆ నూనె వాసనలో సాయంత్రానికి కూడా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడంటే నిశ్చింతగా చేర్పించండి. విసుగొచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే డిప్లొమా గురించి మళ్ళీ ఆలోచిద్దాం.

అతని పది మార్కులు, మీకు దగ్గర్లో ఉన్న మూడు నాలుగు ఐటీఐల పేర్లు, వాటిలో ఉన్న ట్రేడులు ఇక్కడే రాయండి. ఏది ఏ వరసలో పెట్టాలో, అక్కడికి వెళ్ళినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ని ఏం అడగాలో చూసి చెప్తాను.